వరస చివరి ఖాళీ

ఖాసిం వలి కుడిచేతి చిటికెన వేలు మళ్ళీ ఎంటర్ మీట మీదికి పోయింది. ఎడమచేత్తో దాన్ని పట్టుకుని వెనక్కి లాక్కున్నాడు.

కువైట్ సిటీలోని ఆ షిప్పింగ్ ఆఫీసులో ఓడలకు మెయిళ్ళు కొట్టేది అతనే. రాయచోటిలో టైపు మిషను మీద నేర్చిన వేళ్ళు. పాత ఓడల్లో కంప్యూటర్ తెరలు ఇరుకు. వరస పొడుగైతే చివరి మాటలు కనపడేవి కావు. అందుకే ప్రతి వరసనూ తానే తెంచేవాడు, మడికి గట్టు వేసినట్టు. గాలి ఎటు, నీటి లోతెంత, ఏ రేవులో ఆగాలి, అంతా ఆ గట్ల మధ్యే.

ఇప్పుడు కెప్టెన్లు మెయిళ్ళు ఫోన్లో చూస్తున్నారు. అతను తెంచిన వరసలు అక్కడ ఇంకోసారి తెగి, ఒకటి పొడుగూ ఒకటి ఒంటిమాటా, ఎలుకలు కొరికిన గుడ్డలా పడుతున్నాయి. మొన్న ఒక కెప్టెన్ ఒక రేవు లోతును ఇంకో రేవుదిగా చదివి, ఓడ ఆపి ఫోన్ చేశాడు. మేనేజరు వలిని పిలిచి ఒకటే మాటన్నాడు: "ఇంకో ఫిర్యాదొస్తే ఖలాస్. ఇఖామా రెన్యూ చెయ్యను." ఆ దేశంలో ఉండనిచ్చే కాగితం అది.

కంప్యూటర్లు చూసే హైదరాబాదు అమ్మాయి అనూహ్య పక్కన కుర్చీ లాక్కుంది.

"అంకుల్, మళ్ళా చెప్తున్న, పేరా అయ్యేదాకా ఎంటర్ ముట్టొద్దు."

"వరస గోడ దూకి పోదా, పాపా?"

"పోనియ్యండి. మిషనే తెంచి, తెంచినకాడ ఒక ఖాళీ పెడ్తది. అది చూసి అవతలి ఫోను, ఇంకా ఉందని అతికించుకుంటది. తన వెడల్పును బట్టి మడుచుకుంటది."

"ఆ ఖాళీ కనపడదా?"

"కనపడదు. మీరు దాచుకునే బీడీల్లెక్క."

వలి నవ్వుతూనే టైపు కొట్టాడు. వేలు తడబడింది, ఆగింది. మెయిల్ పోయింది. దాన్నే అనూహ్య తన ఫోన్లో తెరిచి అతని చేతికిచ్చింది. నిలువుగా పట్టుకుంటే వరసలు సన్నగా నిలబడ్డాయి. అడ్డం తిప్పితే వెడల్పుగా పరుచుకున్నాయి. ఒక్క మాట జారలేదు. మడికయ్యను బట్టి నీళ్ళు పారినట్టు. వలి నోరు తెరిచి ఫోనును తిప్పుతూనే ఉన్నాడు.

"యా అల్లా! నా ఎంటరు లేకనే నిలబడె సూడు!"

మధ్యాహ్నం ఓడ నుంచి జవాబొచ్చింది: మెయిల్ చక్కగా అందింది. మేనేజరు ఇఖామా రెన్యూకు కాగితాలు తెమ్మన్నాడు.

"వద్దు సార్. ఊరికి పంపించండి," అన్నాడు వలి.

అనూహ్య బిత్తరపోయింది. "ఇప్పుడేం భయం అంకుల్, ఎంటర్ లేకుండా కొట్టుడు వచ్చేసింది కదా!"

"బయముండబట్టే ఇన్నాళ్ళు కూసున్యానమ్మా. నేను రెప్ప వాలిస్తే యాడో ఓడకు వరస తెగిపోతాదని. ఇప్పుడు అవే మడుసుకుంటాండాయి. ఇంగ పోతే ఏం?"

నెల తిరక్కముందే విమానమెక్కాడు.

అతని మేజా కింద రబ్బరు చెప్పులు ఉండిపోయాయి. ఊడ్చేవాళ్ళు వాటిని జరిపి, మళ్ళీ అక్కడే పెడుతున్నారు. మడమల దగ్గర అరిగిన చిల్లుల్లోంచి గచ్చు కనపడుతోంది.