తూర్పు పక్క సున్నం గీత

పంపకాల్లో పెరటి నారదబ్బ చెట్టు ఉన్న చోటు మరిది మాదేశన్ వంతుకు పోయింది. పద్నాలుగేళ్లు బియ్యం కడిగిన నీళ్లు పోసి పెంచింది మాత్రం సౌభాగ్యం. మొగుడు పోయాక తనదని చెప్పుకోవడానికి ఆమెకు మిగిలింది ఆ ముళ్ల చెట్టొక్కటే.

"ఆడి నెల పోతానే కొట్టేసి గోడ కడతాను వదినా. నీదే అంటావు కదా, ఎత్తుకొని పో" అని నవ్వాడు మాదేశన్.

ఎగతాళికే అన్నాడు. సౌభాగ్యం దాన్ని పంచాయితీ తీర్పులా పట్టుకుంది. మరునాడే గడ్డపార తీసింది. మొదలుకు మూరన్నర దూరంలో సగం చుట్టూ కాలువ తవ్వి, వేళ్లు కోసి, మట్టి కప్పింది. రెండు నెలలాగి మిగతా సగం. ముదురు చెట్టును ఒక్కసారిగా పెకలిస్తే బెదిరి చస్తుందని వాళ్ల నాయన చెప్పేవాడు.

ఆడిలో, అదే ఆషాఢంలో, తొలి వాన పడింది. తూర్పు పక్క మొదలుకు సున్నంతో గీత పెట్టింది. నాటే కొత్త చోట కూడా ఆ పక్క తూర్పునే చూడాలి, అది వాళ్ల ఇంటి పద్ధతి. కొమ్మలు కొన్ని తగ్గించి, వేళ్ల మట్టిగడ్డకు తడి గోనెసంచి చుట్టి, కూలికి కలుపు తీసే మునియక్క, ఆమెతోటి నలుగురు ఆడవాళ్లు చెట్టును పాత తలుపు చెక్క మీదికి లాగారు. సౌభాగ్యం తన వంతులో, గోడ వచ్చే హద్దు పక్కనే తవ్విన కొత్త గుంతకు నీళ్లు పోసి వచ్చేసరికి గీత లేదు. తడిగుడ్డ మాదేశన్ చేతిలోనే ఉంది.

ఆమెకు ఒళ్లు మండింది.

"సున్నం తుడిచినావు సరే. పడమటెండకు కాలిన బెరడును ఎట్ల తుడుస్తావు?" అని, ఆ మాడిన పక్కను పడమటికే తిప్పి నాటించింది.

వారానికే ఆకులన్నీ రాలాయి. సౌభాగ్యం కుమిలి కుమిలి ఏడ్చింది. ఏడుస్తూనే నీళ్లు మోసింది.

"పొయ్యిలోకి బాగుంటాది వదినా" అన్నాడు మాదేశన్, చూడ్డానికి వచ్చి.

ఆమె గబుక్కున అతని చెయ్యి పట్టి, అతని గోటితోనే బెరడు గీరించింది. లోపల పచ్చగా, తడిగా ఉంది. మాదేశన్ వేలు ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు.

"గోడ కట్టుకో అబ్బీ" అంది సౌభాగ్యం. "ఎంత ఎత్తైనా కట్టుకో. ఇది దాని మీదినుంచి నీ పెరట్లోకే కాస్తాది."