వాన గంటలు

మా శిక్షణ కేంద్రంలో బస్సు డ్రైవర్‌కి వంద గంటల శిక్షణ. అందులో పది గంటలు వానలోనే నడపాలి. ఈ రూలు రాసిన మహానుభావుడు వాన పడకపోతే ఏం చెయ్యాలో మాత్రం రాయలేదు. గంటల పుస్తకంలో సంతకం పెట్టాల్సింది నేను. పదహారేళ్ళుగా అక్కడ నేర్పుతున్నాను.

మా తమ్ముడు ఉన్న పని మానేసి మరీ చేరాడు. తొంభై గంటలు పూర్తిచేశాడు. ఆ తర్వాత రెండు నెలలు ఇద్దరం ఆకాశం వంక చూస్తూ కూర్చున్నాం. ఒక్క చినుకు రాలలేదు. వాడికి డ్రైవరు ఉద్యోగం ఇస్తామన్న బస్సు కంపెనీవాళ్ళు, సోమవారంలోగా లైసెన్సు చూపించకపోతే అది ఇంకొకరికి ఇచ్చేస్తామన్నారు.

"నీళ్ళు నీళ్ళే కదా అన్నయ్యా, ఎక్కణ్ణించి పడితే ఏంటి?" అన్నాడు వాడు.

నాకు ముక్కుమీద కోపం. నోటికొచ్చినట్టు తిట్టాను. ఆనక నీళ్ళ ట్యాంకర్ పిలిపించింది కూడా నేనే. ఆదివారం పొద్దున్నుంచి సాయంత్రం దాకా మా కేంద్రంలోని సిమెంటు మైదానం తడుపుతూ వాడిచేత బస్సు తిప్పించాను. వాడు చక్కగా నడిపాడు. పది గంటలూ వానలో నడిపినట్టు రాసి సంతకం పెట్టేశాను.

మైదానం మేం రోజూ ఊడ్చి కడిగేది. రోడ్డు అలా కాదు. నెలల తరబడి కారిన నూనె తొలి వానకి పైకి తేలుతుంది, టైరుకి పట్టు దొరకదు. ఆ సంగతి వాడికి నోటితో చెప్పానే గానీ చేయించి చూపలేదు.

వాడు ఉద్యోగంలో చేరిన మూడో వారంలో వాన పడింది. వంతెన దిగుతుంటే బస్సు జారి గోడకి కొట్టుకుంది. ప్రయాణికులు దెబ్బలతో బయటపడ్డారు. మా తమ్ముడు ఆసుపత్రికి చేరకముందే పోయాడు. నేను ఎత్తుకుని పెంచినవాడు.

విచారణ గదిలో అధికారి నా పుస్తకం తిరగేశాడు. "శిక్షణలో లోపమేం లేదు. డ్రైవర్ నిర్లక్ష్యమని రాస్తున్నాను," అన్నాడు.

పక్కనే ఉన్న మా మరదలు నా వైపు తిరిగింది. "ఆయన అజాగ్రత్త మనిషి కాదని మీరైనా చెప్పండి బావగారూ."

నా సంతకమే వాణ్ణి దోషిని చేస్తోంది. లేచి నిలబడి ట్యాంకర్ సంగతి మొత్తం చెప్పేశాను. నా ఉద్యోగం పోతుందని తెలుసు, పోతే పోయిందనుకున్నాను. వాడి పేరైనా నిలబడుతుందని, ఆమెకి కాస్త ఊరటగా ఉంటుందని ఆశపడ్డాను.

అధికారి రాయడం ఆపాడు. మరదలు నా మొహంలోకి చూసింది.

"అయితే ఆయనకి పూర్తిగా రాదని మీకు తెలుసు," అంది. "తెలిసే పంపించారు."