గడియ మీద తువ్వాలు

తువ్వాలు వేస్తే వంతు వచ్చినట్టేనా, మనిషి కూడా ఉండాలా అన్న వాదన మొదలై అప్పటికి అరగంట అయింది. స్నానాలగది గడియకు వేలాడుతున్న తువ్వాలు మా అత్తగారిది. ఆవిడేమో వెనకవైపు మొక్కలకు నీళ్ళు పోస్తున్నారు. మా ఆయన డ్రైవింగ్ స్కూల్లో కారు నేర్పుతారు. ఏడున్నరకల్లా మొదటి శిష్యుడు స్టీరింగ్ పట్టుకుని చెమటలు కక్కుతుంటాడు.

“తువ్వాలుకి స్నానం దేనికమ్మా?” అన్నారాయన.

“బస్సులో రుమాలేసి సీటు నాదే అంటావుగా, అప్పుడు రుమాలుకి ప్రయాణం దేనికిరా?”

ఈ గొడవకు మూలం నేనే. అత్తగారు, మేమిద్దరం, మా అమ్మాయి, ఉన్నది నలుగురం, స్నానాలగది ఒక్కటి. రెండేళ్ళ క్రితం మనిషికి పదిహేను నిమిషాలని టైమ్‌టేబుల్ రాసి, వేళకు రానివాళ్ళ వంతు చివరికి పోతుందని కింద షరతు పెట్టాను. మర్నాటి నుంచే మనుషుల బదులు తువ్వాళ్ళు హాజరు వేయించుకోసాగాయి.

నేను నగరపాలక సంస్థ నీటి విభాగంలో ఫిర్యాదులు తీసుకుంటాను. పంతొమ్మిదేళ్ళుగా ‘పరిశీలనకు పంపడమైనది’ అని ముద్ర కొడుతున్నాను. నియమాలు పై అంతస్తులో తయారవుతాయి, తిట్లు కింద నా కిటికీ దగ్గర దిగుతాయి. ఆ అలవాటే ఇంటికీ తెచ్చాను. ఫ్రిజ్ మీద ఏ కాగితం పెట్టినా అందరూ చదవాలి, అభ్యంతరముంటే దాని కిందే రాయాలి.

ఆ నెలలోనే ఒక విశ్వవిద్యాలయం పబ్లిక్ పాలసీలో పీజీ కొత్తగా మొదలుపెడుతున్నట్టు ప్రకటన చూశాను. ఉద్యోగస్తులకు పొద్దున్నే క్లాసులట. ఫొటోలోని భవనానికి ఇంకా కిటికీలు బిగించలేదు. ఎలా ఉంటుందని అడుగుదామంటే సీనియర్లు లేరు. నలభై నాలుగేళ్ళకు పుస్తకాల సంచి తగిలించుకుంటానంటే ఇంట్లో నవ్వుతారని ఎవరికీ చెప్పలేదు. నింపిన దరఖాస్తును మూడు వారాలుగా తెరుస్తున్నాను, మూస్తున్నాను. గడువు ఈ తువ్వాలు గొడవ జరిగిన రోజు సాయంత్రం ఆరింటికి.

అందులో ఒక ప్రశ్న ఉంది. విఫలమైన నియమం ఒకటి చెప్పి, ఎందుకు విఫలమైందో రాయమన్నారు. ఆఫీసు సంగతులు రాస్తే ఉద్యోగానికే ఎసరు. అందుకని మా స్నానాలగది గురించి రాసి, మా ఆయన పేపరుతో ఇరవై రెండు నిమిషాలు లోపలే ఉంటారని, అత్తగారు తువ్వాలేసి మోసం చేస్తారని, అమ్మాయి ఆరింటికి లేవదని తప్పంతా ఆ ముగ్గురి మీదా తోశాను. సీటు వస్తే ఇలాంటివి సరిదిద్దడం నేర్చుకుంటానని ముగించాను. ఆ పొద్దున దాన్ని ప్రింటు తీసి చేత్తో దిద్దుకుంటుండగా బస్సు హారన్ వినిపించింది. కంగారులో కాగితాన్ని అలవాటుకొద్దీ ఫ్రిజ్ మీద అయస్కాంతం కింద దోపి పరుగెత్తాను.

సాయంత్రం ఐదింటికి ఇంటికొచ్చేసరికి కాగితం నిండిపోయి ఉంది. ఇరవై రెండు నిమిషాలన్నది అబద్ధమనీ, పద్దెనిమిదేననీ, పేపరు చదివేది అందులో ఆరేననీ మా ఆయన రాశారు. తువ్వాలు మాట నిజమే కానీ అది పెద్దరికమే తప్ప మోసం కాదని అత్తగారు మనవరాలి చేత రాయించారు. కింద మా అమ్మాయి సొంత రాత: ‘నాకు కాలేజీ పదింటికి. ఆరింటి వంతు నాకెందుకిచ్చావు? నియమం పెట్టేముందు ఎవరినైనా అడిగావా?’ ఆ పక్కన ఎర్ర సిరాతో తనదే ఇంకోటి: ‘సీటు వస్తే అన్నావు. ఏం సీటు?’

గుట్టు బయటపడినందుకు చెవులు వేడెక్కాయి. కానీ ఎర్ర సిరా కన్నా దాని ముందు ప్రశ్నే ఎక్కువ గుచ్చుకుంది. పై అంతస్తువాళ్ళు ఒక్క మాటైనా అడగరని ఇన్నేళ్ళుగా గొణుగుతున్నాను. ఇంట్లో పై అంతస్తు నేనే.

కొత్త కోర్సనీ, మొదటి బ్యాచనీ అందరికీ చెప్పేశాను. అత్తగారు వంటింటి గుమ్మంలో నిలబడి ఉన్నారు. “నవ్వుతామని దాచావా?”

తలూపాను.

“నవ్వుతాం. అయితే ఏంటట?”

కొత్త బండి మీద మొదటి గీతలు నేర్చుకునేవాళ్ళవేనని, మొదటి బ్యాచంటే అంతేనని మా ఆయన గొణిగారు. గీతలు పడ్డ బళ్ళతోనే గదా ఆయన ఇల్లు నడుపుతున్నదని అత్తగారు అందుకున్నారు.

నేను కంప్యూటర్ ముందు కూర్చుని, ముగ్గురినీ తప్పుపట్టిన పేరా మొత్తం చెరిపేశాను. ఆ చోట ఒక్క వాక్యమే రాశాను: ‘ఈ నియమం పాటించాల్సినవాళ్ళను నేను అడగలేదు.’

భోజనాల దగ్గర, అందరూ కూర్చున్నాక, మజ్జిగ వడ్డిస్తూ చెప్పాను.

“దరఖాస్తు పంపించేశాను. సీటొస్తే ఏడింటికి క్లాసు. పొద్దున ఆరింటికి స్నానాలగది నాకు కావాలి. నియమం కాదు, అడుగుతున్నాను.”