కిష్టప్ప దమ్ము

నాగరత్నం ఎమ్మెస్సీ చదువుతోందని బొంతపల్లి చుట్టుపక్కల తెలియనివాళ్ళు లేరు. ఏం చదువుతోందో తెలిసినవాళ్ళు మాత్రం ఒక్కరూ లేరు. తల్లి మొగులమ్మను అడిగితే, మనిషి ఉరికితే లోపల ఏమవుతుందో అది చదువుతోందని చెప్పేది. ఉరికితే ఆయాసం వస్తుంది, ఆ మాత్రం దానికి హైదరాబాదు దాకా పోవాలా అని ఆడవాళ్ళు నవ్వేవాళ్ళు. మొగులమ్మ కూడా వాళ్ళతో కలిసి నవ్వేది. కూతురి మీద గర్వం లేక కాదు, ఎక్కువ చెబితే దిష్టి తగులుతుందని.

అది తొంభై ఏడో సంవత్సరం. ఒళ్ళు ఎట్లా పనిచేస్తుంది, వ్యాయామం చేస్తే గుండె, ఊపిరితిత్తులు ఏం చేస్తాయి అని నేర్పే ఆ కోర్సును యూనివర్సిటీలో పెట్టి అప్పటికి ఎక్కువ కాలం కాలేదు. ల్యాబులో కదలకుండా ఒకేచోట ఉండే సైకిలు ఒకటి, ఎక్కి దిగడానికి చెక్క మెట్టు ఒకటి, ఊపిరి కొలిచే గొట్టాలు కొన్ని ఉండేవి. నాగరత్నానికి ఆ గది అంటే ప్రాణం. తోటి పిల్లలు సైకిలు తొక్కుతుంటే వాళ్ళ మణికట్టు పట్టుకుని నాడి చూసేది. దడదడలాడిన నాడి తొక్కడం ఆపగానే మెల్లమెల్లగా దారికి వస్తుంటే, ఎన్నిసార్లు చూసినా ఆమెకు తనివి తీరేది కాదు. మనిషి ఒంట్లో ఇంత పెద్ద కార్ఖానా నడుస్తుంటే మా ఊళ్ళో ఎవరికీ తెలియదే అనుకునేది.

చివరి ఏడాది ప్రాజెక్టు చేయాల్సి వచ్చినప్పుడు, తన ఊరి పక్కనే ఉన్న మందుల కంపెనీలో పనిచేసేవాళ్ళ ఊపిరిని, ఊళ్ళో పొలం పనులు చేసేవాళ్ళ ఊపిరిని పోల్చి చూస్తానంది. గైడు ఇందిరమ్మ మేడం సరేనంది. ఆ కంపెనీలోనే నాగరత్నం తండ్రి కిష్టప్ప పనిచేస్తాడు. ఎండిన మందు పొడిని పళ్ళాల్లోంచి గీకి సంచుల్లో నింపడం ఆయన పని. పొద్దున నల్లగా పోయిన మనిషి సాయంత్రానికి పిండిగిర్నీలోంచి వచ్చినట్టు తెల్లగా వచ్చేవాడు. పేరుకే కంపెనీ నౌకరి, నిజానికి వెంకటేశం అనే మేస్త్రీ కింద కాంట్రాక్టు కూలి.

కంపెనీ మేనేజరు ఎట్లా ఒప్పుకున్నాడో ఒప్పుకున్నాడు. క్యాంటీను షెడ్డులో బల్లలు వేసి, ఒక్కొక్కరినీ పిలిచి, మెట్టు ఎక్కించి దించి, గొట్టంలో ఊదించారు. సొంతవాళ్ళను సొంతవాళ్ళు కొలవకూడదని మేడం గట్టిగా చెప్పింది కనుక, కిష్టప్ప ఉన్న షిఫ్టును నాగరత్నం స్నేహితురాలు అరుణ చూసింది. ఆ పూట నాగరత్నం ఊళ్ళో రైతులను కూర్చోబెట్టి ఊదిస్తోంది.

లెక్కలన్నీ వేసి చూస్తే కంపెనీవాళ్ళ ఊపిరి రైతుల ఊపిరికన్నా మెరుగ్గా ఉంది. నాగరత్నం నోరు వెళ్ళబెట్టింది. మేడం మాత్రం సంబరపడింది. బరువులు మోసే పని ఒంటికి మంచే చేస్తుంది, చూశావా అంది. మేనేజరయితే ఇంకా సంబరపడ్డాడు. వాసన వస్తోంది, బోరునీళ్ళు పాడైపోయాయి అని ఊరివాళ్ళు పెట్టిన అర్జీకి ఇదే జవాబు అని, అచ్చువేసిన కాగితం తనకొకటి కావాలని అడిగాడు. ఇక కిష్టప్ప సంగతి చెప్పనే అక్కర్లేదు. మొత్తం కంపెనీలో ఆయనదే పెద్ద దమ్ము. ఆ మాట విని నాగరత్నం హాస్టలంతా చెప్పుకుంది, పిచ్చిపిల్ల.

ఇంటికి పోయినప్పుడల్లా తండ్రి మాట మధ్యలో ఆగి గాలి పీల్చుకోవడం ఈ పిల్ల వినలేదా? వింది. ఊపిరితిత్తుల మీద పరీక్షలు రాసే పిల్లకు వినబడకుండా ఎట్లా ఉంటుంది? బీడీల దగ్గు అని ఆయన అన్నాడు, ఈమె నమ్మింది. ఆయన బీడీలు మానేసి నాలుగేళ్ళయింది. అయినా నమ్మింది. కన్నతండ్రి విషయంలో మనిషి ఏది నమ్మాలనుకుంటే అదే నమ్ముతుంది, దానికి చదువు అడ్డం రాదు.

ఒకరోజు ల్యాబులో గొట్టాలు కడుగుతూ అరుణ మాటల్లో అడిగింది.

"మీ నాన్నగారు కుస్తీలు పట్టేవారా? చెవులు రెండూ నలిగి ముద్దల్లా ఉన్నాయి పాపం."

నాగరత్నం చేతిలో గొట్టం అట్లాగే ఉండిపోయింది. కిష్టప్ప జన్మలో కుస్తీ పట్టలేదు. నలిగిన చెవులు మేనమామ యాదన్నవి. కుస్తీలు నేర్పే తాలీంలో పెరిగి, జాతరల్లో వెండి కడియాలు గెలుచుకుని, ఇప్పుడు కూరగాయలు పండించి పటాన్‌చెరు అంగడిలో అమ్ముకునే మనిషి. ఆమెకు తెలిసినంతలో ఆయన కంపెనీ గేటు లోపల ఏనాడూ కాలు పెట్టినవాడు కాదు.

ఆదివారం ఆమె ఊదే గొట్టాన్ని సంచిలో పెట్టుకుని బస్సెక్కింది. అడగకుండానే ల్యాబులోంచి తెచ్చింది. ఇంటికి చేరేసరికి కిష్టప్ప మంచం మీద గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. పండుకుంటే ఊపిరాడటం లేదని ఈమధ్య అట్లాగే కూర్చుంటున్నాడని మొగులమ్మ వంటింట్లోంచే చెప్పింది. యాదన్న కూడా అక్కడే ఉన్నాడు, బావకు వంకాయలు తెచ్చాడు. నాగరత్నం నీళ్ళు కూడా తాగకుండా మామ వైపు తిరిగి, కంపెనీలో ఊదింది నువ్వే కదా అని అడిగేసింది.

యాదన్న దాచలేదు. పైగా నవ్వాడు. తానొక్కడే కాదట. దమ్ము సరిగా లేని ప్రతివాడూ తమ్ముణ్ణో బామ్మర్దినో పంపాడట. మల్లయ్య కోసం వియ్యపురాలి కొడుకు సంగారెడ్డి నుంచి వచ్చి ఊదిపోయాడట. చదువుకున్నవాళ్ళను ఇంత సులువుగా బురిడీ కొట్టించవచ్చని ఎవరూ అనుకోలేదట. చెబుతూ చెబుతూ కోడలి ముఖం చూసి ఆగిపోయాడు.

ఎందుకట్లా చేశారో అప్పుడు బయటపడింది. ఏటా కూలివాళ్ళను మళ్ళీ పనిలోకి తీసుకునేటప్పుడు వెంకటేశం మేస్త్రీ ఇనుప మెట్ల పైన కుర్చీ వేసుకుని కూర్చుంటాడు. పొడి సంచి భుజాన వేసుకుని మెట్లన్నీ ఎక్కాలి, పైకి వచ్చి నిలబడి తన పేరు, తండ్రి పేరు, ఊరి పేరు ఒక్క ఊపున చెప్పాలి. మధ్యలో ఊపిరి తెగితే సంచి అక్కడే దించి ఇంటికి పోవాలి. కంపెనీ డాక్టరు లేడు, కాగితం లేదు. అదే పరీక్ష. పోయిన ఏడు కిష్టప్ప పైకి చేరాక, పొడి గొంతులో పడిందని తువ్వాల అడ్డం పెట్టుకుని దగ్గి, ఊపిరి తిరిగాక పేరు చెప్పి ఎట్లాగో గట్టెక్కాడు. అట్లాంటివాళ్ళ ముందుకు యూనివర్సిటీ పిల్లలు మెట్టు తెచ్చి వేసి, ఎక్కండి, దిగండి, ఊదండి అన్నారు. మేస్త్రీ పరీక్షే కొత్త వేషం కట్టి వచ్చిందనుకున్నారు. మేస్త్రీకి ముఖాలు తెలుసు కనుక మనిషిని మార్చలేకపోయారు. ఈ పిల్లలకు ముఖాలు తెలియవు, నాగరత్నం చూసిన షిఫ్టుల్లో అందరూ పైఊళ్ళవాళ్ళే.

పేర్లు ఎవరికీ చెప్పబోమని మొదలే అన్నాము కదా అంది నాగరత్నం. కిష్టప్ప మొదటిసారి నోరు తెరిచాడు.

"చెప్పిన్రు బిడ్డా. మాకు అందరు గట్లనే చెప్తరు."

నాగరత్నం సంచిలోంచి గొట్టం తీసి ఆయన ముందు పెట్టింది. నువ్వే ఊదాలి నాయినా, ఇది మేడంకు కాదు, కంపెనీకి కాదు, నాకోసం అంది. సొంతవాళ్ళను కొలవకూడదన్న మాట గుర్తుంది ఆమెకు. గుర్తుండే అడిగింది. కిష్టప్ప తల అడ్డంగా తిప్పాడు. ఆమె బతిమాలింది, కోప్పడింది, చివరికి ఏడ్చింది. చిన్నప్పటినుంచి కూతురి ఏడుపు చూడలేని మనిషి ఆయన.

"ఊదుత. కని ఒక్క మాటియ్యి. దాంట్ల ఏమన్న రానియ్యి, నువ్వు సదువు మానద్దు. నన్ను గుడ నౌకరి మానుమనద్దు. నీ సదువు అయిపోయేదాంక."

ఆయన చెయ్యి చాచాడు. నాగరత్నం ఆలోచించలేదు. ఆయన ఊదితే చాలు అన్న తొందరలో ఉంది. తండ్రి అరచేతిలో చెయ్యి వేసి సరే అంది. మొగులమ్మ వంటింటి గడపలోకి వచ్చి నిలబడి అది చూసింది.

ల్యాబులో ఊదించేటప్పుడు పక్కన నిలబడి ఉత్సాహపరచాలని నేర్పారు. ఇంకా, ఇంకా, గట్టిగా, ఆపొద్దు అని అరవాలి. నాగరత్నం ఎంతమందినో అట్లా అరిచి ఊదించింది. ఇప్పుడు కిష్టప్ప రెండు చేతులా గొట్టం పట్టుకుని, భుజాలు పైకి లేచేలా గాలి పీల్చి, కళ్ళు గట్టిగా మూసుకుని ఊదుతుంటే ఆమె అరవకుండా గొట్టం మీది ముల్లునే చూస్తూ నిలబడింది. మెడ నరాలు ఉబ్బాయి. ముల్లు కొంచెం కదిలి ఆగిపోయింది. మళ్ళీ ఊదించింది. మళ్ళీ అక్కడే ఆగింది. మూడోసారి ఊదబోతే దగ్గు తెర వచ్చి ఆయన మంచం పట్టె పట్టుకున్నాడు. మొగులమ్మ వచ్చి వీపు నిమిరింది. యాదన్న తల వంచుకుని వంకాయల బుట్ట వైపు చూస్తూ ఉండిపోయాడు.

దగ్గు తగ్గాక కిష్టప్ప కూతురి ముఖం చూశాడు.

"పాసైననా బిడ్డా?"

పాసు, ఫెయిలు లేవు ఇందులో అని చెప్పాలనుకుంది నాగరత్నం. పుస్తకంలో అట్లాగే ఉంది. కానీ ఆ మనిషి ముందు అబద్ధమాడటానికి నోరు రాలేదు.

"లేదు నాయినా. ఎనిమిదేండ్ల పిలగాడు ఊదినంతనే వచ్చింది."

కిష్టప్ప తనకు తెలుసన్నట్టు తల ఊపాడు. నాగరత్నం గబగబా చెప్పుకుపోయింది. ఆ పొడి గదిలో ఇంకొక్క రోజు కూడా ఉండకూడదు, పోయిన ఊపిరి తిరిగి రాదు, ఉన్నదన్నా మిగుల్చుకోవాలి, మామ చేలో పని చేసుకోవచ్చు, తాను చదువు ఆపేసి పటాన్‌చెరులో ఏదో ఒక బడిలో చేరుతుంది. యాదన్న మధ్యలో అందుకుని, తన చేనుకే నీళ్ళు సరిగా లేవని, బోరులో వచ్చే నీళ్ళకు మొక్క ఎండిపోతోందని, అయినా బావ వస్తే కాదననని అన్నాడు. కిష్టప్ప అంతా విన్నాడు. ఊపిరి కూడదీసుకుని నెమ్మదిగా మాట్లాడాడు.

"మాటిచ్చినవ్ బిడ్డా. చేతిల చెయ్యేసినవ్."

"నాకు తెల్వక ఇచ్చిన నాయినా."

"నాకు ఎరికె ఉండి తీసుకున్న."

ఇక ఆ ఇంట్లో ఆ సంగతి ఎవరూ ఎత్తలేదు. మొగులమ్మ వంకాయ కూర చేసింది, అందరూ తిన్నారు.

సోమవారం పొద్దున తండ్రీ కూతుళ్ళు ఒకే బస్సు ఎక్కారు. ఆయన చేతిలో సద్దిగిన్నె, ఆమె సంచిలో గొట్టం. మేడంకు ఏం చెప్పాలో నాగరత్నం నిశ్చయించుకుంది. కంపెనీవాళ్ళ లెక్కలన్నీ తప్పు, ఊదింది వాళ్ళు కాదు, పేర్లు అడిగితే చెప్పను, ఆ కాగితం మేనేజరుకు వెళ్ళకూడదు. ఏడాది పని మట్టిలో కలిసిపోయినా సరే, ఆ మాట మాత్రం చెప్పి తీరుతుంది. అంత ధైర్యం ఆమెకు ఉంది. పక్క సీట్లో కూర్చున్న మనిషిని దిగొద్దు అని చెప్పే ధైర్యమే లేదు.

కంపెనీ మలుపు వచ్చింది. బస్సు ఆగీ ఆగకముందే కూలివాళ్ళు తోసుకుంటూ దిగారు. కిష్టప్ప అందరికన్నా వెనక లేచాడు. ఫుట్‌బోర్డు మీద ఒక్క క్షణం ఆగి, కడ్డీ పట్టుకుని గాలి పీల్చుకుని కిందికి దిగాడు. కిటికీ దగ్గరికి వచ్చి, జెర మంచిగ సదువుకో అన్నాడు. ఆ మూడు మాటలకు రెండుసార్లు ఆగాడు. నాగరత్నం సరే అన్నట్టు తల ఊపింది. కండక్టరు విజిల్ వేశాడు, బస్సు కదిలింది. అన్నం పెట్టే ఉద్యోగంలోకి ఆయన, ఆ అన్నంతో చదివే చదువులోకి ఆమె పోయారు. ఇంకా ఆరు నెలల చదువు మిగిలి ఉంది. ఆ ఆరు నెలల్లో ఆయన లోపల ఏమేం పోతుందో ఆ బస్సులో ఆమె ఒక్కదానికే తెలుసు.