మంచం కింద మురుగు

కాంక్రీటు గచ్చు పగలగొట్టి, కింది పాత పైపులోంచి ప్లంబర్ మునావర్ బయటికి లాగినదాన్ని చూసి లింగవ్వ రెండడుగులు వెనక్కి వేసింది: బస్తా గుడ్డలో సిమెంటు నింపి, ఇనుప తీగతో బిగించి కట్టిన ముద్ద.

పైపులో బీడీల తునికాకు ముక్క ఒక్కటీ లేదు.

“అక్కా, గింత లావు బీడీలు ఏ కంపెనీకి చుడుతున్నవే?” అన్నాడు మునావర్, మోచేతుల దాకా మురుగుతో.

మంచం మీద లింగవ్వ మొగుడు మొగిలి నవ్వబోయి ఆయాసపడ్డాడు. మస్కట్‌లో కిడ్నీలు పోగొట్టుకొని వచ్చిన మనిషి. ఇక చేసేదేమీ లేదు, ఇంటికి తీసుకుపొమ్మని దవాఖానలో చెప్పారు. ఆ వారంలోనే స్నానాల గదిలోంచి మురుగు ఎగదన్నడం మొదలైంది. లింగవ్వ మొగుడి మంచం కోళ్ల కింద ఇటుకలు పెట్టింది. ఎత్తిపోయడం, తుడవడం, మళ్లీ ఎత్తిపోయడం. నడుము పడిపోయినా బీడీల చాట ముందు కూర్చోక తప్పదు.

ముందు వాటాలో ఉండే ఇంటి ఓనరు జలపతి ఒక్కటే మాట అన్నాడు. “నీ ఆకు కత్తిరింపులే పైపుల పడ్డయి. నీ ఖర్చుతోని తీపిచ్చుకో. లేకుంటె ఖాళీ చెయ్యి.”

లింగవ్వ కోరుట్లలో గల్లీ గల్లీ తిరిగింది. మంచాన పడ్డ మనిషి ఉన్నాడనగానే తలుపులు మూసుకున్నారు. కిరాయి ఇంట్లో చావు జరగనివ్వరు. చెడు నక్షత్రంలో ప్రాణం పోతే ఓనర్లు కూడా తాళం వేసి, నెలల తరబడి ఇల్లు పాడుపెట్టాలి. చివరికి మునావర్‌ను పిలిచింది. అతని కూలి తొమ్మిది వందలు, ఆమెకు నాలుగు రోజుల బీడీలు.

“గిది కొట్టుకచ్చింది గాదక్కా,” మునావర్ గొంతు తగ్గించాడు. “ముందటి వాకిట్ల మురుగు చాంబర్ ఉంది సూడు, అండ్లకెల్లి బొంగుతోని నూకిండ్రు.”

ఆ చాంబర్ మూత మీద ఎప్పుడూ జలపతి బండి నిలబెట్టి ఉంటుంది.

లింగవ్వ ముద్దను తట్టలో వేసుకొని ముందు వాకిట్లోకి నడిచింది. కుర్చీలోంచి లేవబోయిన జలపతి, తట్టలోకి చూసి మళ్లీ కూర్చున్నాడు.

“రూము దొరికిందా లింగవ్వా?”

“దొరకలే. ఇగ దేవులాడ గూడ దేవులాడ. నా మొగడు గీ ఇంట్లనే పోతడు జలపతన్నా, ఏ చుక్కల పోయినా సరే. గిది ఎవరు వెట్టిండ్రో చెప్పు.”

వెనకే వచ్చిన మునావర్ చేతులు దులుపుకున్నాడు. “కాకా, చాంబర్ మూత తీసి సూడాలె. బండి నువ్వు జరుపుతవా, నన్ను జరుపుమంటవా?”

జలపతి తువ్వాలతో ముఖం తుడుచుకున్నాడు.

“నేనే వెట్టిన,” అన్నాడు. “మా తమ్ముడు పోయినప్పుడు పంతులు చుక్క మంచిది గాదన్నడు. ఆరునెల్లు గీ ఇంటికి తాళమేసి రేకుల షెడ్ల పడున్నం. గా సలికే నా ముసల్ది మంచం వట్టింది, మల్ల లేవలే. ఇంకోపారి గట్ల గావద్దనుకున్న. మొగిలి నన్ను అన్నా అంటడు. మస్కట్‌కెల్లి అచ్చినప్పుడల్లా నొప్పుల తైలం తెచ్చి ఇచ్చిండు. గసొంటోని మొఖం సూసి, సావనీకి వేరే జాగ సూసుకో అని ఎట్లంట? నోరు రాలే. గందుకే ఆకుల మీద నెపం వెట్టిన, కంపుకు మీరే పోతరనుకున్న.”