బతికున్నవాళ్ళ తొట్టి

పరస్కీవ పొద్దున్నే లేచి పొయ్యి రాజేసి, ఆవు పాలు పితికి, మొక్కజొన్న సంకటి కెలికి దించి, తలకి గుడ్డ కట్టుకుని చర్చికి బయల్దేరుతుంది. పెళ్ళయి ఆ ఊరొచ్చినప్పట్నుంచీ అదే వరస. చర్చి గుమ్మంలో రెండు ఇసుక తొట్లు. ఎడమదాంట్లో బతికున్నవాళ్ళ పేరున కొవ్వొత్తులు గుచ్చుతారు, కుడిదాంట్లో పోయినవాళ్ళ పేరున.

ఆ ఊళ్ళో కొవ్వొత్తుల సంగతి అందరికీ తెలిసిందే. మనసంతా పెట్టి ప్రార్థిస్తే మంట ఆ మనిషున్న వైపు వాలుతుంది. గాలితో పనిలేదు. గవ్రిల్ పెళ్ళాం కొవ్వొత్తి ఎప్పుడూ సారాకొట్టు వైపే వాలుతుంది. ఆవిడ ప్రార్థన మధ్యలోనే లేచెళ్ళి మొగుణ్ణి లాక్కొస్తుంది. పోయినవాళ్ళ మంట మాత్రం నిటారు, వాళ్ళు పైకెళ్ళారు కదా మరి. అయితే సగం మనసుతో ప్రార్థించినా నిటారే. అక్కడే వచ్చింది చిక్కంతా.

పరస్కీవ కొవ్వొత్తి మంట నిటారుగా నిలబడి మూడు రోజులైంది.

బుధవారంనాడు ఏదో చిన్న మాట మీద మొగుడు ఇలారియోన్‌తో గొడవైంది. "పో, ఆ కొండమీద నీ గొర్రెల దగ్గరే పడుండు. మళ్ళీ ఈ గడప తొక్కకు" అంది. అతను టోపీ తీసుకుని వెళ్ళిపోయాడు. ఆ సాయంత్రమే మంచు తుపాను. మగాళ్ళు కనుమ దాకా మంచు తవ్వుకుంటూ వెళ్ళి, గడ్డాలు గడ్డకట్టి, ఉత్త చేతులతో తిరిగొచ్చారు.

ఆదివారం సాయంత్రం చర్చి నిండిపోయింది. తెల్లారితే నలభై రోజుల ఉపవాసం మొదలు. ఆ ముందు సాయంత్రం ఒకళ్ళకొకళ్ళు వంగి క్షమాపణ అడుక్కోవాలి. పరస్కీవ వచ్చేసరికి, పొద్దున ఎడమ తొట్టిలో గుచ్చెళ్ళిన ఆమె కొవ్వొత్తి కుడి తొట్టిలో ఉంది.

"ఎవరు మార్చారు దీన్ని?"

"నేనే" అంది సాఫ్తా. ఆమె ఇలారియోన్ అక్క. "ఎన్నాళ్ళు చూస్తావే? మంట చూస్తే తెలీట్లా? నా తమ్ముడి ఆత్మకి శాంతైనా దక్కనీ."

"నీ కొవ్వొత్తి మాత్రం వాలిందా వదినా?"

"వాలలా! నువ్వు పొమ్మన్నావుగా, పోయాడు!"

పరస్కీవ కొవ్వొత్తి పీకి మళ్ళీ ఎడమ తొట్టిలో గుచ్చింది. ఆ విసురుకి ఇసుకంతా చెదిరింది.

ప్రార్థన మొదలైంది. "ప్రభువా కరుణించు" అని అందరితోపాటు పాడుతోంది గానీ, లోపల మాత్రం వదినకి ఇవ్వాల్సిన జవాబులు పేర్చుకుంటోంది. మధ్యమధ్యలో దేవుడితో బేరం: మనిషిని తెచ్చివ్వు, పొట్టేలు ఇచ్చుకుంటా, నా చేత్తో నేసిన కంబళి ఇచ్చుకుంటా.

క్షమాపణల వరస కదిలింది. వదినా మరదళ్ళు ఎదురెదురుగా వచ్చారు.

"క్షమించు వదినా."

"దేవుడు క్షమిస్తాడు."

ఫాదర్ వర్లామ్ ఇద్దరినీ ఆపాడు. "ఏమ్మా, ఆ మొహాలు చూస్తే ఇంకా పోట్లాడుకుంటున్నట్టే ఉన్నారు. సగం మనసు తెచ్చి ఆయన ముందు పెడితే, దాంతో ఆయనేం చేసుకుంటాడు? ఇంకో సగం ఎక్కడ పెట్టొచ్చారు?"

ఎక్కడ పెట్టిందో పరస్కీవకి బాగా తెలుసు. ఆ గడప దగ్గర, ఆ మాట దగ్గరే ఉండిపోయింది. అలాగే చల్లటి రాతినేల మీద కూలబడింది. పొట్టేలూ కంబళీ అన్నీ మర్చిపోయింది.

"ప్రభువా, ఆ మాట నేనే అన్నా. నాకింక ఏ బేరమూ లేదు. ఆయన ఉన్నా నీవాడే, పోయినా నీవాడే. నేనూ నీదాన్నే. ఇదిగో, మొత్తం తీసుకో" అని గొంతు పగిలేలా ఏడ్చి, ఆ ఏడుపులోనే పాట అందుకుంది.

సాఫ్తా మెల్లిగా వచ్చి పక్కన మోకాళ్ళూనింది. "నన్నూ క్షమించవే. తమ్ముడి కోసం ఏడవాల్సిన ఏడుపంతా నిన్ను తిట్టడానికే వాడేశా" అంది. ఇద్దరూ చేతులు పట్టుకుని పాడారు.

పాట ఇంకా అవ్వలేదు, వెనకనుంచి గవ్రిల్ పెళ్ళాం అరిచింది: "మంట!"

వదినా మరదళ్ళ కొవ్వొత్తుల మంటలు రెండూ ఒకేసారి వాలాయి. కొండ వైపు కాదు, కింద వాగు వైపు.

"వాగొడ్డున ఏముంది, పాడుబడ్డ రంపపు మిల్లు తప్ప!" అన్నాడెవరో. ఆ మాట పూర్తయ్యేలోపే అందరూ పారలు తీసుకుని పరిగెత్తారు.

ఇలారియోన్ కొండెక్కనే లేదు. సగం దారిలో కోపం చల్లారి వెనక్కి తిరిగాడు. తుపాను ముంచుకొచ్చేసరికి మిల్లులో దూరాడు. మంచు బరువుకి కప్పు కూలి కాలు దూలం కింద ఇరుక్కుంది. రంపపు పొట్టులో కప్పెట్టుకుని, ఒళ్ళంతా నీలంగా, కొన ఊపిరితో ఉన్నాడు. పరస్కీవ అతని మొహం ఒళ్ళోకి తీసుకుంటే కళ్ళు కొంచెం తెరిచాడు.

"గడప తొక్కొద్దన్నావు కదే" అన్నాడు.

"నోర్ముయ్" అంది పరస్కీవ.

ఆ కాలు దక్కలేదు. సోమవారం ఉపవాసం మొదలైంది. వైద్యుడు కాలు తీసేసిన రోజు కూడా పరస్కీవ చర్చికి వెళ్ళి, ఎడమ తొట్టిలో కొవ్వొత్తి గుచ్చి పాడింది. కన్నీళ్ళకి చూపు మసకబారిన సాఫ్తా పక్కకి వంగి అడిగింది:

"ఎటు వాలిందే?"

"మనింటివైపే వదినా" అంది పరస్కీవ.