గాలికి కట్టిన దుప్పట్లు

నా రాతలో తప్పులుంటాయి. ఒత్తులూ దీర్ఘాలూ ఇంకా చేతికి లొంగలేదు. ఒక పేజీకి పూటంతా పడుతుంది. ఓపికున్నవాళ్ళు చదవండి.

మా ఊళ్ళో రాళ్ళచేనత్త అని పిలిచే ఆమెకి మొగుడు మిగిల్చి పోయింది ఒక బోరూ, గడ్డి కూడా మొహం చాటేసే గులకనేలా. దాన్ని కంకరమిల్లుకి ఇచ్చేద్దామని కొడుకు పట్టు.

"ఒక్క పంట చూడరా," అంది.

"ఒక్కటే అమ్మా. పోతే మళ్ళీ నోరెత్తకూడదు."

ఆ ఒక్క పంటా హైబ్రిడ్ స్వీట్‌కార్న్. విత్తనమిచ్చిన కంపెనీయే కంకులు కొంటుంది, తీపిగా ఉంటే.

గట్టు అవతల మరిది ఏటా వేసేది దాణా మొక్కజొన్న. రెండు చేలూ ఒకేసారి జల్లు తీస్తే, అంటే మొక్క కొసన మగపూత వేస్తే, దాని పుప్పొడి గాలికొచ్చి దీని పీచు మీద పడుతుంది. గింజ తీపి పోయి పిండవుతుంది. అందుకే ముందు ఆమె విత్తాలని, నెల ఆగి అతను విత్తాలని అనుకున్నారు.

ఆమె నేల డ్రిప్పు పైపులు లేనిదే విత్తనం పట్టదు, అవేమో నెల ఆలస్యంగా వచ్చాయి. ఈలోగా వాన పడింది. మరిది గట్టెక్కి నిలబడ్డాడు.

"వదినా, నాకు బోరు లేదు. ఈ తడి పోతే నా గొడ్లు నన్నే మేస్తాయి."

ఆమె తలూపింది. అతను విత్తాడు. కంకులకొచ్చే కంపెనీ లారీ తేదీ మార్చేది లేదన్నారు, అందుకే ఇంకా ఆగకుండా వారం తర్వాత ఆమె కూడా విత్తింది.

పైపు రంధ్రాల్లో ఉప్పు పేరుకుంటే వంగి సూదితో పొడిచేది. బొట్టు పడేదాకా కదిలేది కాదు. ఆ రాళ్ళలోంచే చేను ఆమె తల దాటింది. కొడుకు ఒకరోజు వచ్చి, ఆకు నిమిరి పోయాడు.

తీపి రకం తొందరగా పూస్తుంది, రెండు చేలూ ఒకే వారం జల్లు తీశాయి. గాలి అటునుంచి ఇటే. ఆమె ఇంట్లో ఉన్న దుప్పట్లన్నీ తెచ్చి గట్టు మీద కర్రలకి కట్టింది.

"ఏంటొదినా, సినిమా వేస్తున్నావా? టిక్కెట్టెంత?" అన్నాడు మరిది. అంటూనే రెండో కొస తనే బిగించాడు. తర్వాత నేల చూస్తూ అడిగాడు. "నా జల్లు కోసెయ్యనా?"

కోస్తే అతని కంకికి గింజ పట్టదు. ఆమె అతని గొడ్లపాక వైపు చూసింది.

"వద్దులే."

సాయంత్రం దుప్పట్లు విప్పి దులిపింది. రెండు వైపులా పసుప్పచ్చ పొడి రాలింది.

కోత రోజున కంపెనీ అమ్మాయి ఐదు చోట్ల కంకి విరిచి, పచ్చిగానే కొరికి చూసింది.

"గట్టు పక్కవి మొత్తం పోయాయి పిన్నిగారూ. లోపలివి గింజ విడిచి గింజ. లారీ రాదండీ."

"మంచివి ఏరిస్తానమ్మా."

"పైకి తెలియదు కదండీ, కొరికితే గాని."

మరిది ఒక కంకి కాల్చుకుని తిన్నాడు. వదినకి ఏదో ఒకటి చెప్పాలి. "బాగానే ఉందొదినా. అచ్చం మా దాణా మొక్కజొన్నలాగే ఉంది," అన్నాడు.

మర్నాడు కొడుకు మిల్లు సంగతి మాట్లాడటానికొచ్చాడు. ఆమె సాళ్ళ మధ్య కూర్చుని పైపులో సూది పొడుస్తోంది.

"అమ్మా, ఇంకెందుకది?"

బొట్టు పడింది. ఆమె పక్క రంధ్రానికి జరిగింది. వాడు ఎండలో నిలబడే ఉన్నాడు.

రాసింది: పలకమామ్మ అంటారు నన్ను. అరవై ఎనిమిదేళ్ళు. ఇప్పుడు ఉంటున్నది చిన్నకూతురి దగ్గర, పిండిమర వెనక గదిలో.